ఎనిమిదో తరగతి సిపాయి

కొత్తపేట,
14-2-1999

చిరంజీవి నాగదుర్గాప్రసాద్‌కు,

మీ అమ్మ రామలక్ష్మి దినాలు అయిన మర్నాడు మీ నాన్న కేశవరావు మా వీధి అరుగు మీద కూర్చుని నా చేతిలో చెయ్యి వేశాడు. "బావగారూ, ఈణ్ణి మీ దగ్గరే వదిలేస్తన్నానండి. పదో తరగతి పాసయ్యేదాకా ఈడు మీ ఇంటి బిడ్డేనండి. మజ్జలో వచ్చి అడగను" అన్నాడు. నువ్వు అప్పుడు ఆరో తరగతి. ఏడేళ్ళ కిందట, ఎనిమిదో తరగతి పరీక్షలు అయిపోయిన వేసవిలో ఒక సాయంత్రం నేను లైబ్రరీకి తాళం వేసి ఇంటికి వచ్చేసరికి నీ ట్రంకుపెట్టె లేదు, నువ్వూ లేవు. మీ అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి, "వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్ళిపోయేరండి. మీరొచ్చేదాకా ఉండమంటే రాజోలు బస్సు ఎళ్ళిపోద్దన్నారు" అంది. బస్సు తప్పిపోకూడదని మాట తప్పిన మనిషిని నేను చరిత్ర పుస్తకాల్లో కూడా చూడలేదు.

ఉత్తరం ఇలా మొదలుపెట్టానని నొచ్చుకోకు. కుశలప్రశ్నలు నాకు చేతకావు. బాగున్నవాడు అడక్కపోయినా బాగుంటాడు.

నువ్వు మిలటరీలో చేరావని నాకు ఎలా తెలిసిందో చెప్పనా? పాలకేంద్రం దగ్గర, క్యాన్లు మోసే కుర్రవాడి వల్ల తెలిసింది. ఆ తరువాత రెండు నెలలకు నీ కార్డు వచ్చింది. అందులో నాలుగు వాక్యాలు. బెంగుళూరులో ట్రైనింగులో ఉన్నావు, ఆరోగ్యంగా ఉన్నావు, అత్తయ్య మోకాలి నొప్పి ఎలా ఉంది, ఇట్లు ప్రసాద్. ఏ ఉద్యోగం, ఎలా వచ్చింది, ఎవరు చేర్పించారు అన్న మూడు విషయాలూ వదిలేశావు. రాయడం తెలియనివాడు వదిలేసే విషయాలు కావివి. దాచేవాడు వదిలేసేవి.

మా అబ్బాయి నాగసతీష్ ఇంటర్మీడియట్ పాసై కాకినాడలో సెలక్షన్లకు వెళ్ళాడు. పరుగు పందెంలో ముందే వచ్చాడు. ఛాతీ కొలతలో తీసేశారు. అటువంటి చోట, ఎనిమిదో తరగతితో ఆగి రాజోల్లో మళ్ళీ బడి గడప తొక్కని నిన్ను ఎలా తీసుకున్నారు? ముప్పై ఏళ్ళు లైబ్రరీలో కూర్చుని మూడు దినపత్రికలు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివినవాణ్ణి. పదో తరగతి సర్టిఫికెట్లు అమ్మే బ్రోకర్ల గురించి ఏడాదికి పదిసార్లు పడుతుంది. పట్టుబడిన కుర్రాళ్ళ ఫోటోలు కూడా పడతాయి, ముఖానికి తువ్వాలు కప్పుకుని. ఆ తువ్వాళ్ళలో ఒకటి మా చెల్లెలి కొడుకు ముఖం మీద చూడడానికి నేను సిద్ధంగా లేను.

మిలటరీలో చేరినవాడి గురించి పోలీసులు ఊరికి వచ్చి విచారిస్తారు. రెండేళ్ళు నా ఇంట్లో ఉండి చదివావు గనుక ఇక్కడికీ వస్తారు. నేను అబద్ధం చెప్పను. చెప్పలేనని కాదు, ఈ వయసులో కొత్తగా నేర్చుకోవడం ఎందుకని. అందుకే ముందుగా నిన్నే అడుగుతున్నాను. ఆ సర్టిఫికెట్ ఎవరిది?

మీ అత్తయ్య నిన్ను చలిలో చెవులకు గుడ్డ కట్టుకోమంది. ఆ మాట ఆమెది.

నీ మావయ్య,
నారాయణమూర్తి

*

బెంగుళూరు,
5-3-1999

పూజ్యులైన మావయ్య గారికి,

మీ ఉత్తరం అందిందండి. మూడుసార్లు చదివేను. పక్క మంచం కుర్రోడు తమిళతను, "ఇంటి దగ్గర ఎవరన్నా పోయారా" అని అడిగేడు. లేదు, మా మావయ్య గారు రాసేరని చెప్పేను.

నేను ఏ సర్టిఫికెట్టూ కొనలేదండి. మా అమ్మ మీద ఒట్టు. ఎనిమిది పాసైన వాళ్ళకి కూడా పోస్టులు ఉంటాయండి. ట్రేడ్స్‌మన్ అంటారు. పేపర్లో పడితే చూసి వెళ్ళేను. పరుగు తీయించేరు, బరువు చూసేరు, పని పరీక్ష పెట్టేరు. పాసయ్యేను. అంతేనండి.

ఇక్కడ తెల్లారకుండానే లేపేస్తారు. పరిగెత్తిస్తారు. తుపాకి విప్పదీసి మళ్ళీ బిగించటం నేర్పుతున్నారు. నాకు బాగానే వస్తుంది. అన్నం ఒకపూటే, రెండోపూట రొట్టెలు. హిందీ సగం అర్థమవుతుంది. అర్థం కానప్పుడు గట్టిగా "జీ సాబ్" అంటే సరిపోతుంది.

ట్రైనింగ్ ఆఖర్లో కసం పరేడ్ అని ఉంటుందండి. జెండా ముందు నిలబెట్టి ప్రమాణం చేయిస్తారు. అది అయితేనే సిపాయి అయినట్టు. ఊరినించి పోలీసు రిపోర్టు మంచిగా రాకపోతే ఆ పరేడ్‌లో నిలబెట్టరు. మా జట్టులో ఒకణ్ణి అలాగే పెట్టె సర్దించి పంపేసేరు. అందుకని కానిస్టేబుల్ గారు వస్తే నా గురించి నాలుగు మంచి ముక్కలు చెప్పండి. నాన్నని మాత్రం ఏమీ అడగకండి. ఇది నా మనవి.

సతీష్ బావకి రానందుకు నాకూ బాధేనండి. బావ నాకంటే బాగా పరిగెడతాడు.

అత్తయ్య గారికి చెవులకు గుడ్డ కట్టుకుంటున్నానని చెప్పండి. నిజానికి కట్టుకోనివ్వరండి.

మీ మేనల్లుడు,
ప్రసాద్

*

కొత్తపేట,
22-3-1999

ప్రసాద్‌కు,

నీ ఉత్తరం పెన్సిలు పట్టుకుని చదివాను. "పని పరీక్ష పెట్టేరు, పాసయ్యేను" అన్నావు. ఏ పని? "ట్రేడ్స్‌మన్" అన్నావు. ఏ ట్రేడు? తుపాకి విప్పే సంగతి రాసినవాడివి, నీకిచ్చిన పని పేరు రాయడానికి సిరా అయిపోయిందా? "నాన్నని ఏమీ అడగకండి" అన్నావే, అక్కడ రెండు గీతలు గీశాను. తండ్రిని అడగవద్దని కొడుకు రాశాడంటే వాళ్ళిద్దరూ కలిసి చేసిన పనైనా అయి ఉండాలి, ఒకరికి తెలియకుండా ఒకరు చేసిన పనైనా అయి ఉండాలి. రెండూ నాకు నచ్చలేదు.

నేను ఊరికే కూర్చోలేదు. రావులపాలెం బస్టాండు పక్కన టీకొట్టు పెట్టుకున్న మాజీ సైనికుడు ఒకాయన ఉన్నాడు. వెళ్ళి అడిగాను.

"ఎనిమిదితో తీసుకుంటారండి, ఎందుకు తీసుకోరు?" అన్నాడు. "వంటోళ్ళు, బట్టలుతికేవోళ్ళు, జుట్టు కత్తిరించేవోళ్ళు, బూట్లు కుట్టేవోళ్ళు. మిలట్రీ అంటే అందరూ బోర్డర్లోనే ఉంటారేటండీ? ఎవరండీ, మీ అబ్బాయా?"

"మేనల్లుడు."

అతను నన్ను పంచె అంచు నుంచి కళ్ళజోడు దాకా చూశాడు. "మీ ఇళ్ళల్లో కుర్రోళ్ళు ఆ పన్లకి పోరు కదండీ" అన్నాడు.

"పోరు" అన్నాను. టీ డబ్బులు తీసుకోలేదు. జాలిపడ్డాడనుకుంటాను.

కాబట్టి విషయం తేలిపోయింది. ఎనిమిదికి ఇచ్చే పనులు నువ్వు చెయ్యవు. నువ్వు చేసే పనులకు ఎనిమిది చాలదు. మధ్యలో ఒక దొంగ కాగితం లేకుండా ఈ లెక్క కుదరదు. సైన్యాల గురించి నేను చదివినంత చాలామంది సైనికులు చదివి ఉండరు. అన్ని దేశాల్లోనూ కూలివాళ్ళను బలవంతంగా, చదువుకున్నవాళ్ళను ఆశపెట్టి, మిగతావాళ్ళను మోసంతో చేర్చుకున్నారు. నువ్వు మూడో రకమా అని నా అనుమానం.

మొన్న గురువారం కానిస్టేబుల్ వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు వీధిలోనే విప్పాడు. మీ అత్తయ్య కాఫీ ఇచ్చింది.

"కుర్రోడు ఎంతదాకా చదివేడండి?"

"ఎనిమిది. అదీ నా ఇంట్లో ఉండి."

అతను కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "రాజోల్లో టెంతు ఫస్టు క్లాసన్నారండి."

నా అనుమానం నా కళ్ళ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నట్టయింది. "అయితే ఆ టెంతు ఎక్కడి నుంచి వచ్చిందో మీరే కనుక్కోండి. మా బడిలో మాత్రం పుట్టలేదు" అన్నాను. ఇంకేమీ అనలేదు. నడవడిక ఎటువంటిదని అడిగితే, దొంగతనం ఎరగడు, అబద్ధం ఎరగడు, ఈ ఏడేళ్ళ సంగతి మాత్రం నాకు తెలియదు అన్నాను. ప్రతి మాటా నిజమే.

అతను వెళ్ళాక మీ అత్తయ్య నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ మాట్లాడడం లేదు. ఇల్లు చదువుకోవడానికి అనువుగా ఉంది.

నీ మావయ్య,
నారాయణమూర్తి

*

బెంగుళూరు,
20-4-1999

మావయ్య గారికి,

ఈ ఉత్తరం మీ ఒక్కరికేనండి. అత్తయ్య గారికి చదివి వినిపించినా పరవాలేదు గానీ ఇంకెవరికీ వద్దు.

మొన్న మా సుబేదార్ సాబ్ పిలిచేరు. నా పోలీసు రిపోర్టు వచ్చిందన్నారు. నేను చేరినప్పుడు ఎనిమిదనే రాసేనండి. ఇక్కడ నా కాగితాలన్నిటిలో ఎనిమిదనే ఉంది. కానీ ఊళ్ళో ఒకరు టెంతు అన్నారంట. ఇంకొకరు, ఆ టెంతు మీద అనుమానం ఉంది, విచారించండి అన్నారంట. "నీ ఇంటి మనుషులకే నువ్వెవరివో తెలియదా?" అని అడిగేరు. నా పేరు పెట్టుకుని వేరే ఎవడో వచ్చేడని పైవాళ్ళకి అనుమానం వచ్చిందండి. మళ్ళీ విచారణకి రాసేరు. ఈసారి ఇంట్లోవాళ్ళు ఒక్క మాట మీద లేకపోతే నన్ను పంపేస్తారు. జూన్‌లో పరేడ్.

ఆ రెండో మనిషి మీరే. మీరే రాసేరు కాబట్టి తెలిసింది. మొదటి మనిషి కూడా మీరేనేమో అని రెండు రోజులు అనుకున్నాను. సతీష్ బావకి రాని ఉద్యోగం నాకు వచ్చిందని మీకు కోపమనుకున్నాను. తప్పుగా అనుకుంటే క్షమించండి. కానీ అనుకున్నాను.

ఇప్పుడు మీరడిగింది చెబుతున్నాను. నేను బార్బరునండి. మా జట్టులో కుర్రాళ్ళకి గుండ్లు గీస్తాను, క్రాపులు కొడతాను. వాళ్ళతో పాటే పరిగెడతాను, వాళ్ళతో పాటే తుపాకి పేలుస్తాను. పని పరీక్షలో ఒక హవల్దార్‌ని కూర్చోబెట్టి గడ్డం గీయమన్నారు. చిన్న గాటు కూడా పడలేదు. ఎక్కడ నేర్చేవని అడిగేరు. మా మావయ్య గారి ఊళ్ళో అన్నాను.

నిజమేనండి. మీ లైబ్రరీ ఎదురుగా బుల్లబ్బాయి గారి సెలూను. మీ ఇంట్లో ఉన్న రెండేళ్ళూ బడి అయ్యాక అక్కడే ఉండేవాణ్ణి. రేడియో ఉండేది. నేను వస్తే ఆయన "రండి దొరగారూ, జుట్టు తుడవండి" అనేవాడు. అక్కడ నన్నెవరూ పాఠం అప్పచెప్పమనేవారు కాదు. మీ ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా అడిగేవారండి. తప్పు చెబితే కంచం ముందునించి లేపేసేవారు. ఒకరోజు సెలూన్లో నేను ఒకాయన గడ్డానికి నురగ పూసి కత్తి పట్టుకుంటే మీరు చూసేరు. చెవి పట్టుకుని బజారంతా నడిపించేరు. జుట్టు మైలని పెరట్లో బట్టలతోనే నిలబెట్టి నీళ్ళు పోయించి అప్పుడు లోపలికి రానిచ్చేరు. వీధిలో పిల్లలు గోడెక్కి చూసేరు.

ఆ వారమే మా నాన్నకి కబురు పెట్టేను. నన్ను తీసుకుపొమ్మని ఏడ్చేను. నాన్న మీకిచ్చిన మాట తప్పేడని ఉత్తరం మొదట్లోనే రాసేరు. ఆయన తప్పలేదండి. నేను తప్పించేను.

మీ కాళ్ళకి దణ్ణం పెట్టి రెండు అడుగుతున్నాను. కానిస్టేబుల్ గారు మళ్ళీ వస్తే, ఎనిమిదే నిజం, కాగితాలు మంచివే అని చెప్పండి. బార్బరని మాత్రం ఎక్కడా అనకండి. నాన్నకి తెలీదు. మా అబ్బాయి బోర్డర్లో తుపాకి పేలుస్తాడని రాజోలంతా చెప్పుకుంటున్నాడంట. మన ఇళ్ళల్లో ఈ పని ఎవరూ చేయలేదు. ఆయన తల ఎత్తుకోలేడు.

ప్రసాద్

*

కొత్తపేట,
3-5-1999

ప్రసాద్‌కు,

నీ ఉత్తరం వచ్చిన రోజు గడ్డం గీయించుకోవడానికి వెళ్ళాను. బుల్లబ్బాయి పాత తువ్వాలు దులిపి నా మెడకు చుట్టాడు. నురగ పూసి కత్తి పెట్టేదాకా ఊరుకుని, అప్పుడు అడిగాను.

"మా మేనల్లుడికి పని నేర్పింది నువ్వేనా?"

అతని చెయ్యి ఆగింది. కత్తి నా గొంతు దగ్గర ఉంది గనుక నేనూ కదలలేదు.

"ఆయ్, నేనేనండి" అన్నాడు. "కొబ్బరి బొండాం మీద నురగ పూసి గీయించేనండి ముందు. పచ్చతొక్క మీద గీత పడకూడదు. ఆడు ఆర్నెల్లలో పట్టేసేడండి. తర్వాత మనుషుల మీద పెట్టేను."

"ఏ మనుషులు?"

"కోపం తెచ్చుకోకండి. మీరు కూర్చోగానే కునుకు తీసేవోరు కదండీ. ఓ రోజు ఎడం చెంప ఆడే గీసేడండి. లేచి అద్దం చూసుకుని, 'ఇవాళ బాగా గీశావురా బుల్లబ్బాయీ' అన్నారు. ఆడు బల్ల చాటున నోరు నొక్కుకుని నవ్వేడు."

నేను అద్దంలో ఎడం చెంప చూసుకున్నాను. ఏడేళ్ళ తరువాత ఏం కనబడుతుంది?

నువ్వు రాసిన మిగతా సంగతులకు నా సమాధానం విను. పాఠం అప్పచెప్పమనడం తప్పు కాదు. నన్ను మా నాన్న నూతిలో దింపి ఎక్కాలు చెప్పించాడు. పెరట్లో నీళ్ళు పోయించడం ఈ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ చేసేదే. క్షవరం చేయించుకుని మంత్రిగారొచ్చినా మీ అత్తయ్య స్నానం కాకుండా గడప దాటనివ్వదు. వాటికి ఏడ్చి బస్సెక్కావంటే నమ్మడానికి నాకు కొంచెం వ్యవధి కావాలి. మీ నాన్నను వెనకేసుకు రావడానికి అల్లావేమోనన్న అనుమానం ఇంకా ఉంది. ఉన్నదని చెబుతున్నాను, దాచడం లేదు.

బార్బరు పని గురించి. నేను పెద్ద పెద్ద గ్రంథాలు చదివాను, కులం కూడు పెట్టదని ఉపన్యాసాలు కూడా ఇచ్చాను. లైబ్రరీ వారోత్సవాల్లో చప్పట్లు కొట్టారు. నీ ఉత్తరం చదివాక మాత్రం లేచి తలుపు వేసి వచ్చాను. ఇది నీకు చెప్పడం ఎందుకంటే, నీకు వేరేవాళ్ళ ద్వారా తెలిస్తే నేను కపటినంటావు.

ఇక అసలు సంగతి. నువ్వు ఎనిమిదనే రాశావు. నేనూ ఎనిమిదనే చెప్పాను. మరి టెంతు అన్నది ఎవరు? కానిస్టేబుల్ కాగితాలు చూసి చెప్పాడని నేను అనుకున్నాను. కాదు. "రాజోల్లో అన్నారండి" అన్నాడు. రాజోల్లో విచారణకు వెళ్ళింది ఎవరి ఇంటికి? మీ నాన్న ఇంటికి. కొడుకు పదో తరగతి కూడా చదవలేదని ఒక కానిస్టేబుల్ ముందు ఒప్పుకోవడానికి నామోషీ అయి, ఫస్టు క్లాసులో పాస్ చేయించాడు కేశవరావు. పరీక్ష హాలు లేదు, ప్రశ్నపత్రం లేదు, వీధి అరుగు మీదే పాస్ చేయించాడు! ఆ గొప్పకు నీ ఉద్యోగం పోతోంది. నేను మోసమనుకున్నది మోసం కాదు, మీ నాన్న డాబు.

విచారణకు మళ్ళీ రాజోలే వెళతారు. కొత్తపేట స్టేషన్‌కు వెళ్ళి ఏ రోజో కనుక్కున్నాను. ఆ రోజు నేను అక్కడ ఉంటాను. నీ రెండు కోరికల్లో మొదటిది తీరుస్తాను. రెండోదానికి మాట ఇవ్వడం లేదు. మా ఇంటి అరుగు మీద ఇచ్చిన మాటలు ఎలా నిలబడతాయో చూశాను.

మీ అత్తయ్య మళ్ళీ మాట్లాడుతోంది. "ఆ కుర్రోడి ఉద్యోగం నిలబెట్టకుండా ఇంటికొచ్చేరంటే మీకూ పెరట్లోనే నీళ్ళు" అంది.

నీ మావయ్య,
నారాయణమూర్తి

*

బెంగుళూరు,
25-6-1999

మావయ్య గారికి,

నిన్న కసం పరేడ్ అయిందండి. రిపోర్టు మంచిగా వచ్చింది. జెండా మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసేను. అందరి అమ్మానాన్నలూ వచ్చేరు. నాకు ఎవరూ రాలేదు. మా హవల్దార్ తన భార్య చేత నాకూ మిఠాయి పెట్టించేడు.

మీకు థాంక్స్ చెప్పాలో వద్దో తెలియక ఈ ఉత్తరం మొన్న మొదలుపెట్టి చించేసేను.

నాన్న కొబ్బరి కొట్టులో పనిచేసే మన సూరయ్య కాయల లారీతో రాజోలు నించి ఇక్కడి మార్కెట్‌కి వచ్చి కలిసేడు. అంతా చెప్పేడు. మా కొబ్బరి కొట్టులో, కాయలొలిచే కూలీలందరి ముందూ, వ్యాపారస్తుల ముందూ, "మీ వాడు మిలట్రీలో బార్బరు" అని మీరు గట్టిగా అరిచేరంట. అప్పట్నించి నాన్న బజార్లోకి రావట్లేదంట. సంతకి కూడా సూరయ్యనే పంపుతున్నాడంట.

నేను వద్దని రాసేను. కాళ్ళకి దణ్ణం పెట్టేను.

ఒక్కటే అడుగుతాను. అది మీరు నాకోసం చెప్పేరా? ఏడేళ్ళ నాటి కక్ష తీర్చుకోటానికి చెప్పేరా? ఉద్యోగం నిలబడ్డాక కూడా ఇదే అనుమానం నన్ను తినేస్తోందండి. మిమ్మల్ని అడగొచ్చో లేదో తెలియదు. మీరు మాత్రం నన్ను అన్నీ అడిగేరు కదా.

మమ్మల్ని జమ్మూ వైపు పంపుతారంట. అక్కడ యుద్ధం జరుగుతోంది. అక్కడి వాళ్ళకీ జుట్టు పెరుగుతుంది కదండీ.

ప్రసాద్

*

కొత్తపేట,
11-7-1999

చిరంజీవి ప్రసాద్‌కు,

జరిగింది నీకు సూరయ్య చెప్పాడు. అతను కాయలు లెక్కపెడుతూ సగం విని ఉంటాడు. మొత్తం నేను చెబుతాను.

నేను వెళ్ళేసరికి కానిస్టేబుల్ అప్పటికే కొబ్బరి కొట్టులో కుర్చీ మీద కూర్చున్నాడు. పదిమంది కూలీలు గునపాల మీద కాయలొలుస్తున్నారు. మీ నాన్న తెల్ల చొక్కా వేసుకున్నాడు. నన్ను చూసి, "ఏటండీ బావగారూ, ఏడేళ్ళకి దారి తెలిసింది" అన్నాడు.

"బస్సు దొరికింది" అన్నాను.

కానిస్టేబుల్ అడిగాడు. "మీ అబ్బాయి చదువు విషయం మళ్ళీ చెప్పండి."

"టెంతేనండి. మొన్నే చెప్పేను కదా. ఫస్టు క్లాసు."

"అక్కడ కాగితాల్లో ఎనిమిదని ఉందండి."

నేను అందుకున్నాను. "ఎనిమిదే నిజం. నా ఇంట్లో చదివాడు. కాగితాలు సరైనవే. వెనక నేను అనుమానపడింది పొరపాటు."

మీ నాన్న అక్కడితో ఊరుకుంటే నీ రెండు కోరికలూ తీరేవి. ఆయన ఊరుకోలేదు. పదిమంది చూస్తున్నారు. "ఆయన మాట నమ్మకండి. ఆళ్ళబ్బాయిని మిలట్రీలో తీసుకోలేదు, మావోణ్ణి తీసుకున్నారని కుళ్ళండి. ఎనిమిదితో ఎవడన్నా తుపాకి ఇస్తాడేటండీ?" అన్నాడు. కూలీల్లో ఒకడు నవ్వాడు కూడా. కానిస్టేబుల్ కలం మూత పెట్టేస్తూ, "మీలో మీకే పొత్తు లేదండి. అదే రాసేస్తాను" అని లేచాడు.

ఆ కలం మూత పడితే నీ పెట్టె సర్దుకోవలసిందే. అప్పుడన్నాను. అరిచానని సూరయ్య అన్నాడు. గునపాల చప్పుడులో వినపడాలంటే అరవాలి. "ఎనిమిదికి ఇచ్చే పనే ఇచ్చారు. మీ వాడు సైన్యంలో బార్బరు. గుండ్లు గీస్తాడు. దానికి ఎనిమిది చాలు" అన్నాను.

ఒలుపు ఆగిపోయింది. పది గునపాలూ ఒకేసారి ఆగితే ఆ కొట్టు ఎంత పెద్దదో అప్పుడు తెలుస్తుంది. కానిస్టేబుల్ మీ నాన్న వైపు తిరిగి, "ఏమండీ?" అన్నాడు. మీ నాన్న ముఖం చూశాను. ఏడేళ్ళుగా ఆ ముఖం ఎలా ఉంటే చూడాలనుకున్నానో అలాగే ఉంది. చొక్కా గుండీ సర్దుకుని, "ఆయ్. ఎనిమిదేనండి. బార్బరేనండి" అన్నాడు. కానిస్టేబుల్ రాసుకుని, "ముందే ఈ ముక్క చెప్పుంటే పోయేది కదండీ" అని సైకిలెక్కాడు.

నీకోసమా, కక్షకా అని అడిగావు. అప్పుడు నీకోసమే నోరు తెరిచాను. తెరిచాక మీ నాన్న ముఖం చూసి సంతోషించాను. రెండూ జరిగాయి. రెండింటికీ మధ్య వ్యవధి చాలా తక్కువ. ఏది ఎక్కువని నువ్వు అనుకుంటే అదే ఉంచుకో. నేను దిద్దను.

సూరయ్యకు తెలియనిది ఒకటుంది. మీ నాన్న నన్ను బస్సు దాకా దిగబెట్టడానికి వచ్చాడు. వద్దన్నా వచ్చాడు. కాలవ వంతెన మీద ఆగాడు.

"మీరు మా పరువు తీసేరు గాబట్టి నేనూ ఓ మాట చెప్పేస్తన్నానండి" అన్నాడు. "ఇన్నాళ్ళూ మీకు చెప్పొద్దని నోరు కట్టేసుకున్నాను. రామలక్ష్మి ఎళ్ళిపోయే ముందు నాచేత ఒట్టేయించుకుందండి. 'ఈణ్ణి మా అన్నయ్య దగ్గర పెట్టు, చదువొస్తాది. కానీ ఆడు ఏడ్చేడని తెలిస్తే మాత్రం ఒక్క పూట కూడా ఉంచకు. ఆ పూటే తెచ్చేసుకో. మా అన్నయ్యకి పుస్తకాలంటే ప్రేమ. మనిషి ఏడిస్తే ఏం చెయ్యాలో తెలీదు. అడిగితే కారణం చెప్పకు, నొచ్చుకుంటాడు' అంది. మీకు మాటిచ్చింది దినాలయ్యేకండి. దానికిచ్చింది అంతకు ముందు. నన్నేం చెయ్యమంటారు?"

బస్సు వస్తే ఎక్కాను. మీ నాన్న కింద నిలబడి, "ఆడికి గడ్డం గీయటం బానే వచ్చా బావగారూ?" అని అడిగాడు. గాటు పడలేదట అన్నాను. "అయితే ఏటిలెండి" అన్నాడు. బయటికి రావడం లేదని నువ్వు బెంగపడకు. వస్తాడు. సెలవుకు వచ్చినప్పుడు ఆయన గడ్డం నువ్వే గీయి, బజార్లో కూర్చోబెట్టి. రాజోల్లో రెండు రోజులు నవ్వుతారు. మూడో రోజు వాళ్ళ పిల్లల్ని ఏ సెలక్షన్ సెంటర్‌కు పంపాలని నిన్నే అడుగుతారు.

పేపరులో రోజూ పోయినవాళ్ళ పేర్లు వేస్తున్నారు. మీ అత్తయ్యకు చదవడం రాదు గనుక నేను చదివి, "లేదు" అని చెబుతున్నాను. నువ్వు వారానికొక కార్డు రాయి. నాలుగు వాక్యాలున్నా ఈసారి అనుమానించను. మూడున్నా సరే.

నీమీద నాకు కోపం లేదు. పదమూడేళ్ళ పిల్లవాడు ఏడ్చాడు, అంతే. కేశవరావు మీద ఏడేళ్ళు మోసిన కోపాన్ని ఆ వంతెన మీదే దించేశాను. దించాక తెలిసింది, అది ఎక్కడికీ పోలేదని. ఎవరి మీదన్నది మారింది, కోపం అలాగే ఉంది. ఆస్పత్రిలో నెల్లాళ్ళు మీ అమ్మ మంచం పక్కన స్టూలు మీద నేనే కూర్చున్నాను. పేపరు చదివి వినిపించేవాణ్ణి. మందుల వేళ గుర్తుపెట్టుకున్నది నేనే. నాకు ఏం తెలియదో ఆమెకు అంత బాగా తెలుసు. మాట్లాడే ఓపిక ఉన్నన్నాళ్ళూ "తర్వాత పేజీ చదువు అన్నయ్యా" అంటూనే ఉంది గాని ఆ ఒక్క మాటా నాతో అనలేదు. అంటే నేను మారేవాణ్ణని చెప్పను. కాని అది నాకు చెప్పవలసిన మాట, నా ముఖం మీద చెప్పవలసిన మాట. నేను లేనప్పుడు ఇంకొకరి చేతిలో పెట్టిపోయింది. నేను నొచ్చుకుంటానట. నొచ్చుకునే అవకాశం నాకు ఇవ్వకుండానే పోయింది. పోయినవాళ్ళను ఏమీ అనకూడదని చాలా పుస్తకాల్లో చదివాను. ఎందుకో మాత్రం ఒక్కదానిలోనూ రాయలేదు.

ఇప్పటికీ నేను క్షమించనిది ఒక్కరినే. మీ అమ్మను, నా చెల్లెలు రామలక్ష్మిని.